ప్రాంప్టర్ స్టూలు మీద మొదలైన చదువు

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ పూర్తిచేసి, మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది తిరగకముందే, ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, "మామయ్యా, సీరియల్స్‌లో నటించాలంటే ఎక్కడ నేర్చుకోవాలి, ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది?" అని మూడు ప్రశ్నలు ఒక్క గుక్కలో అడిగాడు. ఇరవై ఏళ్లకు పైగా టీవీ సీరియళ్లలో తండ్రిగా, పెదనాన్నగా, లాయరుగా, ఊరి పెద్దగా కనబడుతున్నవాణ్ని కనుక నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుందని వాడు అనుకున్నాడు. నాకు మాత్రం ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తోచలేదు. చివరికి, "నేనైతే చిక్కడపల్లిలో ఒక స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నానురా" అన్నాను. వాడు దాన్ని హాస్యం కింద జమకట్టి, పెరుగన్నంలోకి ఆవకాయ వేసుకున్నాడు. నేను హాస్యమాడలేదు. ఆ స్టూలు సంగతి వాడికి భోజనాల బల్ల దగ్గర చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

1991లో నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా నాన్నగారు ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో పనిచేసేవారు. ఆ రోజుల్లో హైదరాబాదులో నాటకాలాడేవారిలో చాలామంది ఇలాంటి ఉద్యోగస్తులే. ఏజీ ఆఫీసు, విద్యుత్తు బోర్డు, ఆర్టీసీ, బ్యాంకులు, ఇలా ఎక్కడ చూసినా సాయంత్రం ఐదున్నరకు ఫైళ్లు కట్టేసి, ఆరున్నరకు ఏదో ఒక బడి గదిలో రిహార్సల్‌కు చేరుకునేవారు పదిమంది ఉండేవారు. నాన్నగారి స్నేహితుల నాటక సమాజం ఒకటి చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో ఒక నాటిక వేస్తూ, వారి ప్రాంప్టరుకు బదిలీ కావడంతో, "మీవాడు తెలుగు తడుముకోకుండా చదువుతాడు కదా, రెండు రోజులు పంపండి" అని అడిగారు. ఆ రెండు రోజులు నాలుగేళ్లయ్యాయి. నటించాలన్న కోరిక అప్పటికి నాకు లేదు. రిహార్సల్ మధ్యలో తెప్పించే మిరపకాయ బజ్జీల మీద ఉన్న ఆసక్తి నాటకం మీద ఉండేది కాదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడను.

ప్రాంప్టింగ్ అంటే పక్కనుంచి డైలాగు అందించడమే కదా అని బయటివారికి అనిపిస్తుంది. సైడ్ వింగ్‌లో, ప్రేక్షకులకు కనబడని కోణంలో ఒక స్టూలు వేస్తారు. చేతిలో స్క్రిప్టు, దాని మీద వెలుతురు పడేలా ఒక చిన్న టార్చి, ఆ వెలుతురు వేదిక మీదికి చిందకుండా టార్చి మూతికి జేబురుమాలు చుట్టి రబ్బరు బ్యాండు వేసుకోవాలి. డైలాగు మొత్తం అందించకూడదు, మొదటి రెండు మాటలే అందించాలి. అవి కూడా నటుడు ఊపిరి వదిలే క్షణంలో అందాలి. ఊపిరి పీల్చుకునేటప్పుడు అందిస్తే, అతను విన్నా పలకలేడు. నాటక పరిషత్తు పోటీల్లో అయితే ప్రాంప్టరు గొంతు మూడో వరుసకు వినబడిందంటే న్యాయనిర్ణేతల పెన్సిలు కదులుతుంది. కాబట్టి గుసగుసగా, అయినా ప్రతి అక్షరమూ విడిగా తెలిసేలా పలకాలి. "క్షమించు" అన్న మాటను గుసగుసలో పలికి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

వీటన్నిటికంటే కష్టమైనది నటుడు ఆగినప్పుడు అది మరుపో మౌనమో తేల్చుకోవడం. దీనికి పుస్తకం చూస్తూ కూర్చుంటే లాభం లేదు, మనిషిని చూడాలి. డైలాగు మరచిపోయినవాడి కంఠం కదులుతుంది, గుటక పడుతుంది, చేతివేళ్లు పంచె అంచునో చొక్కా గుండీనో వెతుక్కుంటాయి. తెలిసి ఆగినవాడి ఒంట్లో ఏదీ కదలదు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. అది కూడా ఒక అవమానం తర్వాతే తెలిసింది. ఒక నాటికలో, కొడుకు చావు కబురు విన్న తండ్రి పాత్రధారి చేతిలోని ఉత్తరం మడతపెట్టి జేబులో పెట్టుకుని అలా నిలబడిపోయాడు. రిహార్సల్స్‌లో అక్కడ ఆయన ఆగేవారు కాదు. నేను గాభరాపడి "మీ అమ్మకు..." అని అందించాను. ఆయన అందుకోలేదు. మళ్లీ అందించాను. రెండోసారి నా గొంతు ముందు వరుసలో కూర్చున్నవారికి వినబడి ఎవరో కిసుక్కుమన్నారు. తెర పడ్డాక ఆయన రంగు తుడుచుకుంటూ, కోపం లేకుండానే, "ఆ మౌనం నాదిరా అబ్బాయ్, నువ్వెందుకు తీసుకున్నావు?" అన్నారు. ఆ రాత్రి చిక్కడపల్లి నుంచి నల్లకుంట దాకా నడిచి ఇంటికి వెళ్లాను. జేబులో బస్సు డబ్బులు ఉన్నాయి.

1993లో మొదటిసారి వేదిక ఎక్కడం కూడా ఈ స్టూలు చలవే. విజయవాడ నుంచి రావలసిన నటుడి రైలు ఆలస్యమైంది. అప్పు వసూలుకు వచ్చే గుమాస్తా వేషం, నాలుగు నిమిషాల పాత్ర. నాటిక మొత్తం నాకు కంఠతా వచ్చు కాబట్టి నన్ను తోసేశారు. డైలాగు ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాను. అయినా నాటిక అయ్యాక మా దర్శకుడు తల పట్టుకున్నారు. అవతలి పాత్రలు మాట్లాడుతున్నంతసేపూ నా పెదవులు కదులుతూనే ఉన్నాయట! రెండేళ్లుగా అందరి మాటలూ నోట్లో పెట్టుకుని కూర్చున్నవాణ్ని కదా, ఎవరి డైలాగు వస్తే వారితోపాటు నేనూ లోలోపల చెప్పేస్తున్నాను. గుమాస్తా మంత్రం జపిస్తున్నాడని హాల్లో అనుకున్నారట. నాటికంతా కంఠస్థం కావడమే నాకు అడ్డం వచ్చింది. తర్వాత ఏం మాట రాబోతోందో ముందే తెలిసినవాడికి అవతలివాడి మాట వినవలసిన పని ఉండదు, వినడం లేదన్న సంగతి ముఖంలో దాగదు. పెదవుల జబ్బు మాత్రం చాలాకాలం వదల్లేదు. పై పన్ను కింది పెదవి మీద ఆనించి నిలబడటం అలవాటు చేసుకుంటే, "ఏమిటయ్యా, ఏడుపు ఆపుకుంటున్నావా?" అని అడిగారు.

ఈ మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. అమీర్‌పేట వైపు ఒక నటనా శిక్షణ కేంద్రంలో మూడు నెలల కోర్సుకు డబ్బు కట్టాను. ఆ కేంద్రం పేరు ఎందుకులెండి. మొదటి నెల ఫోటోలు తీయించారు, రెండో నెల గ్లిజరిన్ వేసి ఏడవడం, పాత సినిమా డైలాగులు అప్పజెప్పడం చేయించారు, మూడో నెల బోర్డు తీసేశారు. శిక్షణాలయాలన్నీ ఇంతేనని నేను అనను. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని, మద్రాసులోనూ తర్వాత హైదరాబాదులోనూ ఎందరికో నటన నేర్పిన దేవదాస్ కనకాల గారి దగ్గర నేర్చుకున్న నటులతో ఆ తర్వాత పనిచేశాను. కెమెరా ముందు నిలబడటంలోనే వారికీ నాకూ తేడా తెలిసిపోయేది. నేను కట్టిన చోటు అలాంటిది కాదు, అంతే. మా మేనల్లుడు అడిగిన మూడు ప్రశ్నల్లో ఖర్చు గురించిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఈ ఒక్క అనుభవమే ఉంది.

అసలైన చదువు తెలుగు విశ్వవిద్యాలయంలో దొరికింది. 1985లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం అప్పట్లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేది. డిగ్రీ అయ్యాక అక్కడ రంగస్థల కళల్లో పీజీలో చేరాను. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలు, అంటే ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం, పరీక్షల కోసం బట్టీపట్టాం. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపించినవారిలో ఒకరైన స్టానిస్లావ్‌స్కీ పద్ధతి గురించి చదివాం. రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు పద్యాన్ని రాగాలతో సాగదీయడాన్ని ఎందుకు నిరసించారో, పాత్ర మనసును మాటలో చూపించాలని ఎందుకు పట్టుబట్టారో తెలుసుకున్నాం. రాఘవ గారు వృత్తికి న్యాయవాది. నేను లాయరు వేషం వేసినప్పుడల్లా ఆ సంగతి తలచుకోవడం నా సరదా. అయితే నా పెదవులు ఆగింది ఈ చదువుల వల్ల కాదు. మా మాస్టారు ఒకరు చేయించిన ఒక చిన్న అభ్యాసం వల్ల. అవతలివాడు డైలాగు చెప్పాక, అతని ఆఖరి మాటను ముందు మనం పైకి పలికి, ఆ తర్వాతే మన డైలాగు చెప్పాలి. ఆయనేమో ఎదుటివాడికి చెవిలో చెప్పి ఆఖరి మాట రోజుకో రకంగా మార్పించేవారు. "రేపు వస్తాను" ఒకసారి "రేపు వస్తానేమో" అవుతుంది, ఒకసారి "వస్తానన్నానుగా" అవుతుంది. వినకపోతే దొరికిపోతాం. నెల రోజులు ఆ తంతు చేశాక, ఒకరోజు హఠాత్తుగా నా పెదవులు ఊరికే ఉన్నాయని తోటివాళ్లు చెప్పారు.

ఆ రోజుల్లోనే లింగంపల్లి దగ్గరున్న సురభి కాలనీకి మా తరగతి మొత్తం కొన్ని రోజులు వెళ్లివచ్చాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల నాటకం గురించి తెలుగువారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టరుగా పనిచేసిన బి.వి. కారంత్ అంతటివారు వచ్చి తొంభైల్లో వారితో నాటకాలు చేయించారు. నన్ను ఆశ్చర్యపరచింది మాత్రం తెర మీది మాయలూ మంటలూ కాదు. సైడ్ వింగ్‌లో ఒక తల్లి తలకు కిరీటం కట్టుకుంటూ, ఒడిలోని పిల్లకు పాలిస్తూ, వేదిక మీద జరుగుతున్న సంభాషణకు అనుగుణంగా ఆ పిల్ల వీపు మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చుంది. తన ప్రవేశం రాగానే పిల్లను పక్కావిడకు అందించి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు, తల తిప్పి వేదిక వైపు చూస్తూ ఉండిపోయింది. శిక్షణ ఏ వయసులో మొదలుపెట్టాలన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ పిల్ల తల తిప్పడమే గుర్తుకొస్తుంది. ఇప్పుడు ఆమెకు పిల్లలుండే వయసు వచ్చి ఉంటుంది.

పీజీ అయ్యాక ఉద్యోగం దొరకలేదు కానీ, ఆకాశవాణి ఆడిషన్‌లో నాటక కళాకారుడిగా బి గ్రేడు దొరికింది. నిజాం కాలంలో దక్కన్ రేడియోగా మొదలై, 1950లో ఆకాశవాణిలో కలిసిన హైదరాబాదు కేంద్రం అది. మా ఇంట్లో రేడియో నాటకాల శారదా శ్రీనివాసన్ గారి గొంతు వినబడితే అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసేది. అలాంటి కేంద్రంలోకి స్క్రిప్టు పట్టుకుని వెళ్లడం నాకు గుడిలోకి వెళ్లినట్టే ఉండేది. అక్కడ స్క్రిప్టు కాగితాలకు పిన్ను కొట్టరు. చదివేసిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జార్చాలి. మైకుకు జానెడు దూరం, కోపానికి కాస్త వెనక్కి, రహస్యానికి కాస్త పక్కకు. ముఖం, చేతులు, వేషం ఏవీ పనికిరాని చోట మాటకు ఎంత బరువు మోయగల శక్తి ఉందో తెలిసింది. ప్రాంప్టింగ్‌లో అలవాటైన గుసగుస అక్కడ నాకు పెట్టుబడిగా ఉపయోగపడింది. గుసగుసలో కూడా ఒత్తులు పోకుండా పలికేవాడు కావాలంటే నన్నే పిలిచేవారు.

అదే సమయంలో రామంతాపూర్ దూరదర్శన్‌లో రెండు మూడు చిన్న వేషాలు వచ్చాయి. 1977 నుంచి నడుస్తున్న ఆ కేంద్రం స్టూడియోలో మూడు కెమెరాలుండేవి. ఏ కెమెరా మీద ఎర్ర దీపం వెలిగితే ఆ కెమెరాలోని బొమ్మ తీసుకుంటున్నారని అర్థం. నాటకంలాగే సన్నివేశం మొదలైతే ఆగకుండా సాగిపోయేది కాబట్టి, రంగస్థలం వాళ్లకు అది పుట్టింటిలా ఉండేది. పోస్టుమాన్ వేషంలో నేను చేసిన తప్పల్లా ఆ ఎర్ర దీపాన్ని వెతుక్కోవడం. కంట్రోల్ రూములోంచి నిర్మాత, "పోస్టుమాన్ ఎవరి కోసం వెతుకుతున్నాడు? ఆ ఇంటి నెంబరు చెప్పండయ్యా" అని స్పీకరులో అన్నారు.

1995లో జెమిని, ఈటీవీ వచ్చి, ఆ తర్వాత రోజువారీ సీరియళ్లు పెరిగాక, నాటక సమాజాల్లో ఉన్నవారందరి చూపూ అటు తిరిగింది. నేనూ కృష్ణానగర్‌లో ఒక స్టూడియోలో ఫోటోలు తీయించుకున్నాను. ఒకటి సూటులో, ఒకటి పంచెలో, ఒకటి మీసం మెలేస్తూ. ఆ ఆల్బమ్ సంచిలో పెట్టుకుని, యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఎక్కని మెట్టు లేదు. "నెంబరు ఇచ్చి వెళ్లండి, పిలుస్తాం" అన్న మాట అప్పట్లో నేను అన్ని రకాల గొంతుల్లోనూ విన్నాను. ఆ మాటను ఎవరు ఎలా పలికితే ఎంతవరకు నమ్మవచ్చో, రేడియో చెవులుండబట్టి, తొందరగానే తెలిసిపోయేది. ఎవరూ పిలవలేదు. ఫోటోలు చూపించినవాణ్ని వదిలేసి, గొంతు వినిపించినవాణ్ని పిలిచారు. హిందీ నుంచి తెలుగులోకి వచ్చే సీరియళ్లకు డబ్బింగ్ చెప్పేవారు కావలసి వచ్చి, రేడియో మిత్రుడొకరు నన్ను తీసుకెళ్లారు. దాదాపు మూడేళ్లు చీకటి గదిలో, తెర మీద ఎవరో పెద్దమనిషి నోరు తెరిస్తే తెలుగులో నేను మాట్లాడాను. పెదవుల జబ్బున్నవాడికి ఇంతకంటే తగిన ఉద్యోగం ఏముంటుంది! అవతలివాడి పెదవుల కదలికను చూస్తూ మాట అతికించడం నాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. అక్కడే ఒక సీరియల్ అసోసియేట్ డైరెక్టరు నా గొంతు విని, ఎవరిదా అని గది బయట ఆగి, "లాయరు వేషం ఉంది, రెండు రోజులు, నల్లకోటు మీదేనా?" అని అడిగాడు. నా దగ్గర నల్లకోటు లేదు. ఉందని చెప్పి, సిటీ సివిల్ కోర్టులో జూనియరుగా ఉన్న మా పక్కింటాయన దగ్గర తెచ్చుకున్నాను. 2002 మాట ఇది.

ఆ మొదటి రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పదేళ్లు రంగస్థలం, రేడియో, డబ్బింగ్ చేసినవాణ్ని కదా అని ధీమాగా వెళ్లాను. డైలాగులు రాత్రే పంపమని అడిగితే, అసిస్టెంటు కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. సీను కాగితం షాటుకు అరగంట ముందు వచ్చింది, అది కూడా సిరా ఆరని రాతతో. చదువుకుంటానని పక్కకు వెళ్లబోతే, "అవసరం లేదు సార్, మేం ప్రాంప్టింగ్ ఇస్తాం" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన భావం ఏమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పదకొండేళ్ల క్రితం నేను కూర్చున్న స్టూలు మీద ఇప్పుడు వేరే కుర్రాడు కూర్చున్నాడు, అందుకోవడం నా వంతు. సీరియల్లో శబ్దం తర్వాత డబ్బింగ్‌లో వేసుకుంటారు కాబట్టి ఇక్కడ గుసగుస అవసరం లేదు. కెమెరా పక్కనే నిలబడి, ఏ భావమూ లేని గొంతుతో, రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు "యువరానర్, ఈ కేసులో ముద్దాయి" అని గట్టిగా చదువుతాడు. మనం అదే మాటను భావంతో పలకాలి. తర్వాతి ముక్క మళ్లీ చదువుతాడు. అందరూ కనబడే మాస్టర్ షాటు అయిపోయి, నా క్లోజప్ పెట్టారు. మూడు టేకులు తిన్నాను. డైలాగు తప్పలేదు, ఉచ్చారణ తప్పలేదు, అయినా డైరెక్టరు మానిటర్ ముందు మొహం చిట్లిస్తున్నాడు కానీ ఏం లోపమో చెప్పలేకపోతున్నాడు. అప్పుడు కెమెరామన్, పాతబస్తీ మనిషి, కెమెరా వెనుకనుంచి తల బయటపెట్టి, "అన్నా, నువ్వు కండ్లతోని వింటున్నవ్. చెవులతోని విను, కండ్లు జడ్జి మీద పెట్టు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. మాట అందే ప్రతిసారీ నా కనుపాపలు వెంట్రుకవాసి ప్రాంప్టరు వైపు జారుతున్నాయి. గానసభ వేదిక మీద అయితే అది పదో వరుసకు తెలియదు. క్లోజప్‌లో కన్ను అంటే తెరలో సగం. సైడ్ వింగ్‌లో నేను చూసిన పెద్ద నటులు నా వైపు ఎన్నడూ చూడలేదన్న సంగతి నాకు అంతవరకు తట్టనేలేదు. నేను వారిని అంత శ్రద్ధగా చూశాను కానీ, వారు నన్ను ఎలా చూడకుండా ఉండగలిగారో గమనించలేదు. నాలుగో టేకులో జడ్జి కుర్చీ వెనుక గోడకున్న మేకు ఒకటి చూసుకుని, దాని మీద చూపు నిలిపి చెప్పాను. ఓకే అయింది. ఆ మేకుకు నేను రుణపడి ఉన్నాను.

ఈ ప్రాంప్టింగ్ పద్ధతి మంచిదా చెడ్డదా అని ఈ వృత్తిలో వాదనలు జరుగుతూనే ఉంటాయి. నాటకం నుంచి వచ్చినవారు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేనూ మొదట్లో చూశాను. కానీ పొద్దున తొమ్మిదికి మొదలై రాత్రి తొమ్మిది దాకా సాగే కాల్షీట్‌లో, ఒక ఎపిసోడ్‌కు సరిపడా సరుకు తీయవలసిన చోట, డైలాగులు బట్టీపట్టే తీరిక ఎవరికీ ఉండదు. కథానాయిక పాత్రలు చేసే అమ్మాయిల్లో చాలామంది కర్ణాటక నుంచి వస్తున్నారు. తెలుగు రాని వాళ్లకు నటన కూడా రాదని అనుకునేవారిని చూస్తే నాకు చిరాకు. అర్థం ఒకసారి అడిగి తెలుసుకుని, శబ్దాన్ని చెవితో అందుకుని, కన్ను ఏమాత్రం జారనివ్వకుండా నిలబెట్టే అమ్మాయిలను చూశాను. నా మొదటి రోజు కంటే వెయ్యిరెట్లు నయం. నా అభ్యంతరం వేరేచోట ఉంది. ప్రాంప్టరు ముక్కలుముక్కలుగా అందించడం వల్ల అందరి మాటా ఒకే చోట విరుగుతుంది. తండ్రి అయినా, దొంగ అయినా, పూజారి అయినా నాలుగు మాటలకోసారి ఆగుతారు. సీరియల్ మాట్లాడే తీరు కృతకంగా ఉందని ప్రేక్షకులకు అనిపించడానికి కథలే కారణమని అందరూ అంటారు. సగం కారణం ఈ విరుపులని నా అభిప్రాయం. అందుకే నేను ఇప్పటికీ సీను కాగితం వాట్సాప్‌లో ముందుగా పంపమని బతిమాలుతాను. ఉదయం ఏడింటికి వస్తే, చిక్కడపల్లి నుంచి మణికొండలో షూటింగ్ జరిగే బంగ్లా చేరేలోపు నా డైలాగులు కంఠతా వచ్చేస్తాయి. ఆ విషయంలో మన నగరం ట్రాఫిక్ నాకు చేసిన సాయం ఇంతా అంతా కాదు.

డబ్బు సంగతి అడుగుతారేమో. రోజుకు ఇంత అని మాట్లాడుకుంటాం, నెలకు ఎన్ని రోజులు పిలుస్తారో ఎవరికీ తెలియదు. పాత్రకు ప్రమాదం జరిగి కోమాలోకి వెళితే, ఇంటి అద్దె గురించి ఆలోచించుకోవాలి. నా మొదటి సీరియల్ పారితోషికం చెక్కు రూపంలో వచ్చింది, వచ్చినంత వేగంగా బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది. ఆ నిర్మాత ఇప్పుడు ఈ రంగంలో లేరు. ఆ చెక్కును పారేయకుండా నల్లకోటు జేబులో పెట్టాను. కోటుతోపాటు అది కూడా పక్కింటాయనకే వెళ్లిపోయింది. ఆయన వృత్తిరీత్యా ఉత్సాహపడి, కేసు వేద్దామా అని అడిగారు.

ఇదంతా మేనల్లుడికి విడతలు విడతలుగా చెప్పాను. ఉద్యోగం మానవద్దని, శనివారాలు ఒక సమాజం వారి రిహార్సల్స్‌కు వెళ్లి కూర్చోమని చెప్పాను. నెలా పదిహేను రోజులు వెళ్లాడు. పోయిన వారం గానసభలో వారి నాటిక పడింది, వీడికి ప్రాంప్టింగ్ అప్పగించారు. నేను షూటింగ్‌లో ఇరుక్కుని వెళ్లలేకపోయాను. మర్నాడు ఫోను చేసి ఎలా జరిగిందని అడిగితే, అంతా బాగానే జరిగిందని, ఒక్క చిన్న పొరపాటు మాత్రం అయిందని అన్నాడు. స్టూలు, స్క్రిప్టు అన్నీ సర్దుకున్నాడట. టార్చి బదులు సెల్‌ఫోను లైటు వేసుకున్నాడట. జేబురుమాలు సంగతి నేను చెప్పడం మరచిపోయాను. అర్ధరాత్రి సన్నివేశం, వేదిక మీద దీపాలన్నీ తగ్గించి ఉన్నాయి, చనిపోయిన తాతగారి పటం మీద తెల్లటి వెలుగు పడి, వీడు పేజీ తిప్పినప్పుడల్లా అది అటూ ఇటూ కదిలిందట. హాల్లో చప్పట్లు కొట్టారట. తెర పడ్డాక దర్శకుడు వాడిని పక్కకు పిలిచి ఏమన్నారో వాడు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చే శనివారం మళ్లీ రమ్మన్నారని మాత్రం చెప్పాడు.